మూలకు చేరని వేడి

2023. తొలకరి పడి, వాగులింకా నిండని రోజులు. భద్రాచలం వంతెన దిగి, గోదావరి ఒడ్డు వెంట దుమ్ముగూడెం వైపు పొద్దున్నే వెళ్తుంటే నది కనిపించదు. నది ఉండాల్సిన చోట తెల్లటి ఆవిరి పరుచుకొని ఉంటుంది. అందులోంచి ఒక్కోసారి తెడ్డు చప్పుడు వినిపిస్తుంది, పడవ మాత్రం కనిపించదు. ఆ దారిలో బండి నడుపుతూ, నేను మేలుకొనే ఉన్నానా అని చాలాసార్లు అనుమానపడ్డాను.

ప్రయోగశాలల్లో వాడే పరికరాలను బాగుచేయడం నా పని. ఉండేది కొత్తగూడెంలో. ఈ పనిలోకి రాకముందు కొన్నేళ్లు తిరుమలాయపాలెం నుంచి ఒక దినపత్రికకు వార్తలు రాశాను. పత్రికను వదిలినా అది నేర్పిన ఒక అలవాటు నన్ను వదల్లేదు. ఎక్కడికి వెళ్లినా వెంటనే ప్రశ్నలు అడగను. ఒక పక్కన కూర్చొని కాసేపు చూస్తాను.

ఆ రోజు నేను వెళ్లింది అడవి అంచున ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే చిన్న దవాఖానాకు. పెంకుటింటి వెనక గది ప్రయోగశాల. దాన్ని ఒక్క చేత్తో నడిపే టెక్నీషియన్ నాగమణి ముందు రోజే ఫోన్ చేసింది.

"అన్నా, మిషిన్ మంచిగనే ఉంది. అరవై ఐదు పెడితే అరవై ఐదే చూపిస్తది. కానీ గుట్టవతలి ఊరోళ్ల పరీక్షలే చెల్లుతలేవు. వాళ్లయే ఎందుకు పోతున్నయో నాకు సమజైతలేదు."

ఆ మిషిన్ గురించి చెప్పాలి. పేరు డ్రై బ్లాక్ హీటర్. నీళ్లు, నూనె ఏవీ లేకుండా లోహపు దిమ్మతోనే వేడి అందించేది కాబట్టి ఆ పేరు. ఇటుకంత అల్యూమినియం దిమ్మ, దాని నిండా వరుసలుగా గుంటలు. మా వాళ్లు వాటిని వెల్స్ అంటారు. చూడగానే వామనగుంటల పీట గుర్తొస్తుంది. గుంటల్లో చిటికెన వేలి కొసంత ప్లాస్టిక్ ట్యూబులు నిలబెడతారు. కింద ఒక హీటర్ పలక, లోపల ఒక సెన్సర్, ముందువైపు ఎర్రటి అంకెలు. అంతే యంత్రం.

నాగమణి దాంతో చేసే పరీక్షను ల్యాంప్ అంటారు. మామూలు మలేరియా కిట్‌కు దొరకనంత తక్కువగా రక్తంలో దాగిన క్రిమిని ఇది పట్టుకుంటుంది. రక్తంలోంచి తీసిన చుక్కను గులాబీ రంగు ద్రవంలో కలిపి, గంటసేపు కదలకుండా అరవై ఐదు డిగ్రీల దగ్గర ఉంచాలి. క్రిమి ఉంటే గులాబీ రంగు పసుపవుతుంది. ఒక్కొక్కరికి రెండు ట్యూబులు. మొదటిది మలేరియా కోసం. రెండోది పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో చెప్పే సాక్షి. ఎవరి రక్తమైనా సరే ఆ సాక్షి ట్యూబు పసుపు కావాల్సిందే. కాకపోతే పరీక్ష చెల్లదు. మళ్లీ రక్తం తీయాలి.

నేను కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. సంత రోజు కావడంతో వరండా నిండిపోయింది. నాగమణి తలుపు దగ్గరికి వచ్చి కేకేసింది.

"దూరపోళ్లు ముందు రాండ్రి! దగ్గరోళ్లు జర ఆగుండ్రి!"

ఎవరూ నసగలేదు. అది ఆ దవాఖానాలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. అడవి దాటి వాన పడకముందే ఇల్లు చేరాల్సిన వాళ్లకు మొదటి పిలుపు.

ముందుగా లోపలికి వచ్చింది జోగమ్మ. పొట్టిగా, చురుగ్గా ఉన్న ముసలమ్మ. వెనకే కోడలు సోమమ్మ. నెలలు నిండుతున్న మనిషి. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నాలుగడుగులు వేసి గోడ పట్టుకుంది.

"మళ్ల సూది పొడుస్తవా బిడ్డా? మా కోడలి నెత్తురంత నీ గుంటలకే పోతాంది," అంది జోగమ్మ.

"ఇదే ఆఖరు అవ్వా."

"పోయినసారి గూడ గిట్లనే అంటివి."

"పోయినసారి గూడ నువ్వు గిట్లనే తిడితివి. తిట్టుకుంటనన్న వస్తున్నవ్, నాకదే సంబురం."

సోమమ్మ నవ్వి వేలు చాచింది. కిట్‌లో మలేరియా కనిపించలేదు. కానీ ఆమె నీరసం చూస్తే దాగిన క్రిమి ఉందని డాక్టరమ్మ అనుమానం. రక్తం ఇంకా తగ్గితే కాన్పులో తల్లికీ బిడ్డకీ కష్టం. అయితే కడుపుతో ఉన్న మనిషికి నిర్ధారణ లేకుండా మలేరియా మందు మొదలుపెట్టనని ఆమె అంటోంది. మరోపక్క వాగు నిండిందంటే ఆ ఊరికి దారి మూసుకుపోతుంది.

నాగమణి పిలిచిన వరసలోనే ట్యూబులు సర్దింది. ముందు గుట్టవతలి ఊరోళ్లవి, కిటికీ వైపు మూల గుంటల నుంచి మొదలుపెట్టి. తర్వాత మిగతా ఊళ్లవి, నడుమకు. గంట మొదలైంది. బయట ఎవరో పసివాణ్ణి కోయ మాటల్లో జోకొడుతున్నారు. ఎర్రటి అంకెలు ఆ దిమ్మ ఊపిరి తీస్తున్నట్టు ఒక్క పిసరు ఎక్కి, ఒక్క పిసరు దిగుతున్నాయి. అరవై ఐదు. అరవై ఐదు.

గంట గడిచాక చూస్తే నడుమ గుంటల సాక్షులన్నీ పసుపు. కిటికీ మూలన మాత్రం వేకువలా లేత గులాబీ. సోమమ్మ పరీక్ష మూడోసారీ చెల్లలేదు.

నాకప్పటికే సగం అర్థమైంది. సంచీలోంచి థర్మోకపుల్ తీశాను. వెంట్రుకంత సన్నటి తీగ చివరతో వేడిని కొలిచే సాధనం అది. ఒక్కో గుంటలో దించాను. నడుమన అరవై ఐదు. పక్కకు జరిగేకొద్దీ తగ్గుతూ వచ్చింది. కిటికీ మూలన అరవై ఒకటి కూడా లేదు. హీటర్ పలక దిమ్మకన్నా చిన్నది. నడుమ భాగాన్నే వేడి చేస్తోంది. అంచుల వేడిని గాలి తాగేస్తోంది. సెన్సర్ కూడా నడుమనే ఉంది. అది నడుమ సంగతే చూసి, అంతా బాగుందని అంకె వేస్తోంది.

నాగమణికి చెప్పాను. ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది.

"అంటే... దూరం నుంచి వచ్చినోళ్లని ముందు పిలిచి, నేనే చల్లటి గుంటలల్ల పెట్టిన్నా?"

"నీ పిలుపుల తప్పు లేదమ్మా. దిమ్మలనే ఉంది."

జోగమ్మ మాత్రం అప్పటికే చెప్పులు వేసుకుంది. "మీ మిషిన్‌కు మా నెత్తురు పడది. మా పెద్దలు గూడ అదే అంటున్నరు. ఇగ రాము."

నేను డిగ్రీల లెక్క చెప్పబోయాను. ఆమె నా థర్మోకపుల్‌ను పురుగును చూసినట్టు చూసింది. నాగమణి సూది తీసి తన వేలికే పొడుచుకుంది. ఆ మధ్యాహ్నం మబ్బు విడిచి సోలార్ పలక మీద ఎండ పడింది కాబట్టి మిషిన్ నడిపే బ్యాటరీలో ఇంకో గంట బలం మిగిలింది. వానాకాలంలో అలా మిగలడం అరుదు. తన రక్తంతో చేసిన సాక్షి ట్యూబును కిటికీ మూల గుంటలో పెట్టింది.

"కూసో అవ్వా. ఇది నా నెత్తురు. సూద్దాం."

జోగమ్మ కూర్చుంది. చూస్తూ చూస్తూ నిద్రలోకి జారింది. సోమమ్మ గోడకానుకుని పొట్ట మీద చేతులు పెట్టుకుని ఏదో వింటున్నట్టు ఉండిపోయింది. గంట తర్వాత నాగమణి ట్యూబు తీసి వెలుతురుకు పట్టింది. గులాబీ. చెల్లలేదు.

జోగమ్మ దాన్ని కళ్ల దగ్గరగా పెట్టుకొని చూసి, పెద్దగా నవ్వింది.

"అయితే నువ్వు గూడ మా ఊరిదానివే! ఎన్నడూ చెప్పకపోతివి!"

ఆ నవ్వుతో గదిలో బిగుసుకున్నదేదో సడలింది. నాగమణి ఆ అదను చూసుకొని, వచ్చే సంతకు సోమమ్మ ట్యూబులను నడుమ గుంటల్లో పెడతానంది. ఫలితం తప్పక వస్తుందని చెప్పింది.

"మరి మిగిలినోళ్లయి?" అంది జోగమ్మ.

"నడుమ కొన్నే పడతయి అవ్వా. రెండోసారి పెట్టాల్నంటే బ్యాటరీ ఆగది. కొందరు ఆగాల్నేమో."

జోగమ్మ తల అడ్డంగా ఊపింది. "మా ఊళ్లె విత్తనం గూడ పండగ చేసినంకనే, అందరం కలిసే ఏస్తం. ఒక్కలు ముందు, ఒక్కలు ఎనక లేదు. పెద్దలు ఒప్పుకోరు. నేను గూడ ఒప్పుకోను."

"సోమమ్మా, నువ్వన్న చెప్పు చెల్లె. నీ పానం సంగతి ఇది."

సోమమ్మ గోడ వదిలి నిలబడింది. "అందరితోనే పెట్టక్కా. నాదొక్కదానిది నడుమ పెడితే, రేపు ఊళ్లె ఎవ్వరూ చెయ్యి చాపరు."

వెళ్తూ వెళ్తూ జోగమ్మ నా వైపు తిరిగింది. "మిషిన్ సారూ, బాగుచేసి కబురు పెట్టు. అందరం వస్తం. వాగు రాకముందే."

తిరుగు దారిలో ఆవిరి లేదు. నది స్పష్టంగా, ఎర్రగా, పొంగబోయే ముందు ఉండే బరువుతో పారుతోంది.

పాత దిమ్మతో చేయగలిగింది చేశాను. చుట్టూ వేడి ఆపే గుడ్డ చుట్టాను, మూత వేశాను. మూల కాస్త పుంజుకుంది కానీ చాలలేదు. ఆ మోడల్‌ను తయారుచేసేవాళ్లు ఎప్పుడో ఆపేశారు. కొత్త యంత్రాలు తినే కరెంటు ఆ బ్యాటరీ ఇవ్వలేదు. పెద్ద హీటర్ పలకదీ అదే సంగతి. ఉన్న కొద్దిపాటి వేడే మూలలకు చేరాలి.

మా పక్క క్వార్టర్‌లో ఉండే, బొగ్గు గనిలో పనిచేసే మిత్రుడి కూతురు స్రవంతి హైదరాబాద్‌లో లోహపు భాగాలను ప్రింట్ చేసే ఒక వర్క్‌షాప్‌లో ఇంజనీరు. ఆ వారం ఇంటికి వచ్చింది. దిమ్మను ఒళ్లో పెట్టుకుని, పిల్లిని నిమిరినట్టు నిమిరింది. నేను కొలిచిన వేడి వివరాలన్నీ విని అడిగింది.

"బాబాయ్, నువ్వు పేపర్‌ల ఉన్నప్పుడు ఎక్కువ ఏం వార్తలు రాసినవ్?"

"కాలువ చివరి భూములకు నీళ్లందట్లేదని. ప్రతి ఏడూ అదే. ఊరి పేరే మారేది."

"ఇది గూడ గదే కదా. నడుమ పొలాలు ముందే తాగేస్తున్నయి. తూము సన్నం చేద్దాం. చివరికి పెద్ద కాలువ తీద్దాం."

ఆమె వివరించింది. డ్రిల్లు నేరుగానే పోతుంది. అందుకే పాత దిమ్మ లోపలంతా ఒకటే గట్టి లోహం. ప్రింటింగ్‌లో పద్ధతి వేరు. అల్యూమినియం మిశ్రమాన్ని మైదాకన్నా మెత్తటి పొడిగా చేసి, పలుచటి పొరగా పరుస్తారు. కావాల్సిన చోట మాత్రమే లేజర్ దాన్ని కరిగించి గట్టిపరుస్తుంది. దాని మీద మరో పొర, మరో గీత. అలా కింది నుంచి పైకి వస్తువు పెరుగుతుంది. లోపల ఎటు కావాలంటే అటు వంపు తిప్పవచ్చు. నడుమ గుంటల కింద లోహాన్ని జల్లెడలా బోలుగా చేస్తే అక్కడికి వేడి నెమ్మదిగా వెళ్తుంది. మూల గుంటల కిందికి మందమైన కొమ్మల్లాంటి దారులు వేస్తే వేడి వాటిని పట్టుకొని అంచుదాకా పోతుంది. పైగా దిమ్మ తేలికవుతుంది కాబట్టి బ్యాటరీ మీద భారం తగ్గుతుంది.

"మా దగ్గర వేరే పని ప్రింటయ్యేటప్పుడు ప్లేటు మీద జర ఖాళీ ఉంటది. మా సార్‌ను అడుగుత," అంది.

ప్రింటయ్యే రోజు నేనూ వెళ్లాను. చిన్న అద్దపు కిటికీలోంచి చూడనిచ్చారు. బూడిదరంగు పొడి వాకిలిలా చదునుగా ఉంది. దాని మీద ఒక తెల్లటి చుక్క పరుగెడుతోంది. మన ఇళ్ల ముందు పిండితో గీత గీస్తారు. ఇక్కడ పిండి మీద వెలుగు గీత గీస్తోంది. గీసిన ముగ్గును మరో పొర వచ్చి కప్పేస్తుంది. వెలుగు విసుగు లేకుండా మళ్లీ మొదలుపెడుతుంది. ఎంతసేపు చూశానో తెలియదు. స్రవంతి భుజం తట్టేదాకా నేను వేరే ఎక్కడో ఉన్నాను.

కానీ ఆ దిమ్మ పనికి రాలేదు. ప్రింటయిన లోహం పైకి గరుకుగా ఉంటుంది. గుంటల గోడలు ఇసుక కాగితంలా ఉండటంతో ట్యూబులు అడుగుదాకా దిగకుండా పైనే ఆగాయి. నడుమ ఉన్న గాలి పొర వేడిని అందనివ్వలేదు. మూలల సంగతి దేవుడెరుగు, నడుమ గుంటలే చల్లగా ఉన్నాయి.

స్రవంతి ఫోన్‌లో మరో దారి చెప్పింది. "గుంటలు కావాలని కొంచెం చిన్నగ ప్రింట్ చేస్తా బాబాయ్. ఆ తర్వాత నువ్వు రీమర్ ఏసుకో."

రీమర్ అంటే రంధ్రాన్ని సరైన కొలతకు, నున్నగా చెక్కే పనిముట్టు. రెండో దిమ్మ బస్సులో వచ్చింది. కొత్తగూడెంలో ఒక లేత్ షెడ్డులో గుంట వెంట గుంట నున్నగా చేయించాను. బయట వాన మొదలైంది. రేకు మీద ఆ చప్పుడు వింటుంటే, గుట్ట వెనక వాగు నింపుకుంటున్న నీళ్లే ఆలోచనలోకి వచ్చాయి. ఇంటికి తెచ్చి హీటర్ మీద బిగించాను. ట్యూబుల్లో నీళ్లు పోసి అన్ని గుంటలూ కొలిచాను. నడుమ అరవై ఐదు. కిటికీ మూల ఎటువైపో గుర్తుపెట్టుకుని ఆఖరున అక్కడ తీగ దించాను. అరవై ఐదుకు అర డిగ్రీ తక్కువ. మళ్లీ కొలిచాను. అంతే.

నాగమణి ఆరోగ్య కార్యకర్త చేత గుట్టవతలికి కబురు పంపింది.

సంత రోజు వాన సన్నగా పడుతోంది. పొద్దెక్కినా వాళ్లు రాలేదు. వాగు వచ్చేసిందేమోనని నాగమణి తలుపు దగ్గరికీ బల్ల దగ్గరికీ తిరుగుతోంది. దగ్గరి ఊళ్ల వాళ్లు వరండాలో కూర్చున్నారు. ఆమె వాళ్లను పిలవలేదు. వాళ్లూ అడగలేదు.

అప్పుడు చెట్ల మధ్య నుంచి వచ్చారు. ఒకరి వెనక ఒకరు, తాటాకు గొడుగుల కింద, వాన తెరలోంచి విడివడుతున్నట్టుగా. అందరికీ నడుము దాకా బట్టలు తడిసే ఉన్నాయి. వాగు మొదలైంది. సోమమ్మను ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుని దాటించారు.

"ఊరంతా వచ్చింది బిడ్డా," అంది జోగమ్మ కొంగు పిండుకుంటూ. "జల్దీ కానియ్యి. వాగు మాట వినది."

అందరి రక్తమూ తీశాక నాగమణి సోమమ్మ ట్యూబులు చేతిలో పట్టుకొని నా వైపు చూసింది. ఎక్కడ పెట్టాలని అడుగుతున్న చూపు. నడుమ పెట్టమందామనే నోటిదాకా వచ్చింది. కొలిచింది నేనే. నమ్మాల్సిందీ నేనే. అయినా సోమమ్మ మొహం చూస్తే అర డిగ్రీ కూడా భయమేసింది.

మాకు ఆలోచించే పని లేకుండా చేసింది జోగమ్మ. "ఏంది సూస్తున్నరు? కిటికీ పక్క మూల మాది కాదా? మా జాగల మాది పెట్టు."

నాగమణి అక్కడే పెట్టింది.

గంటసేపు అందరూ తలుపు దగ్గరే గుమిగూడారు. తడి బట్టల వాసన, ఎండిన ఇప్పపువ్వు వాసన కలిసి గదిలోకి వచ్చాయి. జోగమ్మ బల్ల దగ్గరికి వచ్చి, జ్వరం చూసేటప్పుడు పసిపిల్లల నుదుటి మీద పెట్టినట్టు, దిమ్మ అంచు పక్కన అరచేయి పెట్టబోయింది. "కాలుతది అవ్వా," అంది నాగమణి. "కాలనీ. పోయినసారి ఇక్కడ సలిగుండె," అని ఆమె వేలి కొనతో తాకి చటుక్కున తీసుకుంది. వేలు నోట్లో పెట్టుకుని నవ్వింది.

మూత తీశారు. కిటికీ మూల నుంచి మొదలుపెట్టి చివరిదాకా సాక్షి ట్యూబులన్నీ పసుపు. వానపొద్దు మసక వెలుతురులో బల్ల మీద తంగేడు పూసినట్టుంది.

సోమమ్మ మొదటి ట్యూబు కూడా పసుపే.

"పసుపైతే మంచిదా బిడ్డా, చెడ్డదా?" అడిగింది జోగమ్మ.

నాగమణి ట్యూబును ఆమెకు చూపించింది. "ఉంది అవ్వా. మలేరియా దాక్కొని ఉంది. ఇగ దొరికింది. మందుంది."

ఊరిలో ఇంకొందరిలోనూ అది దాగి ఉంది. డాక్టరమ్మ ఒక్కొక్కరికీ చెప్పి మందులిచ్చింది. సోమమ్మను కాన్పుదాకా దవాఖానాలోనే ఉండమంది. సోమమ్మ అత్త మొహం చూసింది. ఊరంతా కలిసి వచ్చాం, కలిసే పోవాలి కదా అన్న చూపు అది.

"నువ్వుండు," అంది జోగమ్మ. "విత్తనం కలిసి ఏస్తం. మొలక దాని టైముకు అదే వస్తది."

మిగతా వాళ్లు మందుల పొట్లాలు తలగుడ్డల్లో కట్టుకుని, వచ్చిన వరసలోనే వానలోకి కలిసిపోయారు. ఆ సాయంత్రమే వాగు దారి మూసుకుంది. వాగు తగ్గాక జోగమ్మ మళ్లీ వచ్చే సరికి ఆమె కోసం ఒక మనవరాలు ఎదురుచూస్తోంది. జోగమ్మ బిడ్డను మొదట నాగమణి చేతిలో పెట్టి, "మీ ఊరిదే, తీసుకో," అందట. నేను ఆ రోజు అక్కడ లేను. నాగమణి ఫోన్‌లో చెప్పి, చాలాసేపు నవ్వుతూనే ఉంది.

లోహాన్ని వెలుగుతో ముద్రించే విద్య నాకు రాదు. అది స్రవంతిది. ఈ కేసు నాకు నేర్పింది చిన్న అలవాటే. ఇప్పుడు ఏ ప్రయోగశాలకు వెళ్లినా, ఎంత ఖరీదైన యంత్రం ముందు కూర్చున్నా, మొదట దాని మెరిసే అంకెల వైపు చూడను. తీగ తీసి, అన్నిటికన్నా దూరంగా ఉన్న మూల గుంటలో దించి, కాసేపు ఆగుతాను. అక్కడ వెచ్చగా ఉంటేనే నడుమ కనిపించే అంకెను నమ్ముతాను.